ఒకే కట్ట మీద రెండో కేసు

వల బాగుచేసుకుంటున్న ముత్యాలయ్యను ఎస్సై చొక్కా పట్టి లేపాడు. చేపలు తోముతున్న పోలేరమ్మ ఆ చేతులతోనే పరుగెత్తింది.

"మళ్ళా ఏంది సార్? మొన్ననే గదా నా మొగుణ్ణి కోర్టు వదిలింది!"

"అది కట్ట తెంచిన కేసు. ఇది నీళ్ళుపోయి రొయ్యలు చచ్చిన కేసు. సెక్షన్ వేరు."

"తెంచింది ఒక్కసారే గదా సార్!"

రొయ్యల కాంట్రాక్టరు తన చెరువులకు నీళ్ళు నిలపడానికి కాలువకు అడ్డంగా కట్ట వేసి పడవలకు సముద్రం దారి మూసేశాడు. జాలర్ల పాళెమంతా కలిసి దాన్ని తెంచింది. కేసు మాత్రం ముత్యాలయ్య ఒక్కడి మీద పెట్టారు. జైలు, వాయిదాలు అన్నీ అయ్యాక సాక్ష్యం లేదని కోర్టు కొట్టేసింది.

పాళెంలో పెద్దలు తీర్పు చెప్పి కండువా దులిపి లేస్తే ఆ తగాదా తీరినట్టే. ఆ తర్వాత నిజం ఒప్పుకున్నా ఎవరూ పట్టుకోరు. మళ్ళీ ఎత్తినవాడిదే తప్పు. కోర్టు తీర్పూ అంతేననుకుని ముత్యాలయ్య ఆ సాయంత్రం అందరి మధ్యా, "మొదటి పార వేసింది నేనే" అని నవ్వాడు. కాంట్రాక్టరు మనిషి ఆ మాటను ఫోనులో రికార్డు చేసి స్టేషనుకు పట్టుకుపోయాడు.

మొదటి కేసు వాదించిన వకీలు క్యాథరిన్‌కు పోలేరమ్మ ఫోను చేసింది.

"ఒకే నేరానికి రెండుసార్లు విచారించకూడదని చట్టమే చెప్పిందక్కా. సెక్షన్ మార్చితే చేసిన పని మారదు. కానీ అది జడ్జి ముందే తేలాలి."

"తేలేదాకా మా ఆయన లోపలుండాలా? ఇంక గెలిచి ఏం లాభమమ్మా?"

పోలేరమ్మ ఫోను కొంగున దోపుకుంది.

"ఊరుకో పోలేరమ్మా" అన్నాడు పాళెంలో తీర్పులు చెప్పే పెద్దకాపు చెంగయ్య. "నోరెత్తితే మనల్నీ జీపు ఎక్కిస్తారు."

"ఎక్కించనీ మామా! కాంట్రాక్టరు మళ్ళా కట్ట వేస్తుండాడు, వాడి మీద ఒక్క కేసూ లేదు. ఒక్కసారి తెంచిన మనకు రెండా?"

ఆమె జీపు దగ్గరకు నడిచింది. "సార్, ఆయన్ని విచారించడం అయిపోయింది. నన్ను ఇంకా విచారించలా. నేనూ తొవ్వినా. రాసుకోండి."

"నేనూ తొవ్వినా!" పక్కింటి రోజారమణి ముందుకొచ్చింది. "ముత్యాలన్న ఒక పార వేసి బీడీ ముట్టించినాడు. మిగతాదంతా మేమే!"

జనం గొల్లుమన్నారు. ఆడవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు జీపెక్కారు.

"దిగండే! ఇంతమందిని యాడ పెట్టేది?" అని అరిచాడు ఎస్సై.

చెంగయ్య జీపెక్కిన ఆడవాళ్ళను చూశాడు. తర్వాత చెప్పులు తొడుక్కున్నాడు.

"జీపు చాలదులే సార్. మేం నడిచొస్తాం."

ముత్యాలయ్యను ఎస్సై వదల్లేదు. జీపు కదిలింది, కానీ దాని ముందు పాళెం నడుస్తోంది. హారన్ ఎంత మోగినా దారి ఇచ్చినవాడు లేడు.