వంత లేని పద్యం

ఆ పొద్దున కృష్ణ వైపు నుంచి మబ్బు లేచింది. నాలుగు ఉరుములు ఉరిమి, మిరపతోటల మీదుగా మాచర్ల దిక్కు పోయింది. చుక్క రాలలేదు. తనను వెక్కిరించడానికే వచ్చినట్టుందనుకున్నాడు నాటకాల మేస్టారు గురునాథం.

మర్నాడే గురజాలలో నాటకం. రాజు వేషగాడికి గొంతు పూడుకుపోయి మూడు రోజులైంది. గురజాల జనానికి నచ్చితే ‘వన్స్ మోర్’ అంటూ పద్యం మూడుసార్లు పాడిస్తారు. నచ్చకపోతే తెర దించేదాకా ఊరుకోరు. కిందటేడు దించారు. మళ్ళీ దించితే గురునాథాన్ని ఇక ఆ తాలూకాలో నాటకానికి పిలిచేవాళ్ళుండరు.

వెతగ్గా వెతగ్గా దొరికినవాడు యల్లమంద. ఊరూరా తంబుర మీటి వీరుల కథ చెప్పేవాడు. నాలుగు పొలాల అవతలికి వినబడే గొంతు. పద్యాలన్నీ రెండు రోజుల్లో నోటికి పట్టాడు. పద్యం చివర రాగం తీయడం దగ్గరే వచ్చింది చిక్కు.

“మళ్ళీ” అన్నాడు గురునాథం.

సుభానీ హార్మోనియం మెట్టు నొక్కాడు. కొడుకును పోగొట్టుకున్న రాజు పద్యం ఎత్తుకున్నాడు యల్లమంద. చివరి పాదం కొసకొచ్చి టక్కున ఆగాడు. తల పక్కకు తిప్పాడు.

“ఏందిరా ఆ ఆగడం? ఎవురికోసం చూస్తన్నావు?”

“అలవాటు మేస్టారూ.”

“నీ అలవాటు తగలెయ్య! రాగమేరా పద్యానికి పానం. అది తియ్యకుండా నోరు మూస్తే ఎట్టా?”

“బావికాడ మోటెద్దు బాట చివర ఆగినట్టు ఆగతన్నాడు” అని నవ్వాడు సుభానీ. “ములుగర్ర తెమ్మంటారా మేస్టారూ?”

పదకొండోసారి కూడా ఆగాడు. ఇంటి అరుగు కొసన జొన్నలు చెరుగుతున్న అతని పెళ్ళాం మల్లమ్మ, చేట దించకుండానే ఆ చివరి మాట అందుకుని పాడేసింది. ఇరవై ఏళ్ళుగా కథలో పాదం కొస అందుకునే వంత ఆమెదే. ఆమె పాడుతుండగానే అతను ఊపిరి తీసుకునేది.

గురునాథం తలపాగా ఊడదీసి నేలకు కొట్టాడు. “రాజు ఏడుస్తా ఉంటే పక్కన ఇంకో గొంతేందమ్మా! వాడికి ఇంక ఎవురూ లేరు. అదీ పద్యం!”

మల్లమ్మ చేట దించింది. మొగుడి ఎదురుగా వచ్చి నిలబడింది.

“ఏమయ్యో, నేను సచ్చాననుకో. ఎవురందుకుంటారు?”

“అవేం మాటలే.”

“సచ్చాననుకోమన్నా. పాడు.”

ఇంటి వెనక్కి వెళ్ళిపోయింది.

యల్లమంద పద్యం ఎత్తుకున్నాడు. కొసకొచ్చేసరికి తల అలవాటుగా పక్కకు తిరిగింది. అరుగు మీద చేట ఒక్కటే ఉంది. రాగం తెగలేదు. పైకి పోయింది, ఊపిరి చాలక గరగరలాడింది, అయినా దిగలేదు. సుభానీ చెయ్యి మెట్ల మీద కదలడం మరిచింది.

ఈసారి ‘మళ్ళీ’ అనకుండా గురునాథం నేల మీది తలపాగా తీసి దులిపి చుట్టుకున్నాడు.

మధ్యాహ్నం మల్లమ్మ జొన్న సంకటి, గోంగూర పచ్చడి వడ్డించి తానూ కూచుంది. పచ్చడి చానా కారం. యల్లమంద తల ఎత్తకుండా తన ముద్దలో సగం తుంచి ఆమె పళ్ళెంలో పెట్టాడు. ఆమె తినింది.