తొమ్మిదో మెట్టు

కర్ర పచ్చిది, ఎండి కుంచించుకుపోయింది, అందులో మీ నాన్న తప్పేముందని అత్తగారు పొద్దుట్నుంచీ అంటూనే ఉంది. అయితే బిగువుగా ఉన్న అడుగు మెట్టొక్కటీ ఎండలేదా అని కొడుకు. మామగారు చేసిచ్చిన నిచ్చెనని పెయింటరు తిప్పి పంపాడు, అది వాళ్ల మధ్య గోడకు ఆనించి ఉంది. తొమ్మిదో మెట్టు కన్నంలోంచి ఊడి అతను పడ్డాడు, మణికట్టు విరిగింది.

"ఆయనకి చెయ్యి తిరిగేనాటికి నీకు పాలపళ్లన్నా రాలేదు," అంది అత్తగారు.

మామగారు వరండాలో కూర్చుని రంపానికి ఆకురాయి పెడుతున్నాడు.

కోడలు టేపు తెచ్చి మెట్లన్నీ కొలిచింది. అడుగుది సరిగ్గానే ఉంది. మిగతావన్నీ ఉండాల్సిన కొలతకి అంగుళం పొట్టి, చివర్లు కన్నాల్లో సగమే దిగాయి. వాళ్లు చేసే నిచ్చెన పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది, మెట్టుకో అంగుళం చొప్పున. మామగారు వరసగా కొయ్యడు. అడుగుది, నడిమిది, పైది ముందు కోసి, మిగతావి తర్వాత. ఏ మెట్టు కొలతైనా మనసులోనే తీస్తాడు. పెళ్లయిన కొత్తలో ఆ లెక్క ఆమెకు నేర్పింది ఆయనే. ఐదో మెట్టు కావాలంటే అడుగుదాంట్లోంచి నాలుగంగుళాలే తీసెయ్యాలి, ఐదు కాదు, మొదటిది దేన్నుంచీ తగ్గలేదు కదమ్మా అని.

ఆమె వెళ్లి ఆయన పక్కన కూర్చుంది.

"అడుగుది ఇరవై అయితే తొమ్మిదోది ఎంత మావయ్యా?"

"పదకొండు." తడుముకోలేదు.

"ఐదోది?"

"పదిహేను. నాకే పరీక్షా?" నవ్వాడు.

ఆమె రెండోది అడిగింది.

"పద్దెనిమిది," అని, ఆకురాయి ఆపాడు. "ఇరవై పక్కన పద్దెనిమిది ఏంటమ్మా?"

పెదాలు కదుపుతూ మళ్లీ మొదట్నుంచీ వేసుకున్నాడు. మళ్లీ అదే వచ్చినట్టుంది, ఆమె ముఖంలోకి చూశాడు. ఇది ఎప్పట్నుంచి అని అడిగాడు. తెలియదంది ఆమె. ఈ మధ్య గుమ్మం దాటిన నిచ్చెనలు ఇద్దరికీ గుర్తున్నాయి.

అన్నాల దగ్గర అత్తగారు మళ్లీ పచ్చికర్ర మాట ఎత్తింది. ఆయన వద్దన్నట్టు చెయ్యి ఊపాడు.

"కర్రని అనకు. ఇచ్చిన నిచ్చెనలన్నీ వెనక్కి తెప్పిద్దాం. ఇకమీదట కొలతలు కోడలు తీస్తుంది. నేను కర్రకి చిత్రిక పట్టి నునుపు చేస్తాను, అంతే."