దడేలుమనే తలుపు

ఎల్మా ఇంటి బయటి తలుపు చప్పుడుకి వీధి మొత్తం విసుక్కునేది. ఆ చలి ఊళ్ళో మంచుగాలికి అడ్డంగా ప్రతి ఇంటికీ ఉండే తలుపే అది. తలుపు దానంతటదే మూసుకోవడానికి బిగించిన సన్నటి గొట్టం చివర ఒక మర ఉంటుంది. మర బిగిస్తే తలుపు నెమ్మదిగా వచ్చి మూసుకుంటుంది, వదులు చేస్తే ఎవరో విసిరికొట్టినట్టు పడుతుంది. ఎల్మా కావాలనే వదులు చేసి ఉంచింది. బాగుచేసిపెడతానని పక్కింటి డ్వేన్ ఎన్నిసార్లు అన్నా కాఫీ ఇచ్చి పంపేసేది.

ఆమె భర్త రెయినోకి మతిమరుపు జబ్బు. కిందటి చలికాలం ఆమె కాస్త కునుకు తీసేసరికి, ఇంట్లో వేసుకునే చెప్పులతోనే బయటికి వెళ్ళి గడ్డకట్టిన చెరువు దాకా నడిచాడు. డ్వేన్ చూడబట్టి మనిషి దక్కాడు. కాలివేళ్ళు కొన్ని దక్కలేదు. తలుపుకి తాళం వేసి చూస్తే చేతులు చిట్లేదాకా బాదాడు. ఇక ఆ చప్పుడునే ఆమె కాపలా పెట్టుకుంది. అతని వేళ్ళు తీసేసిన రోజు ఆస్పత్రిలో తనకి ఏడుపు వస్తుందేమోనని ఎదురుచూసింది. రాలేదు. ఆ తర్వాత ఏదీ రాలేదు, భయం కూడా. లేస్తుంది, వండుతుంది, చప్పుడు కోసం చెవి ఒగ్గి ఉంటుంది, అంతే.

ఆ మధ్యాహ్నం గిన్నెలు కడిగి వచ్చేసరికి రెయినో గుమ్మంలో మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. చేతిలో స్క్రూడ్రైవర్. పొద్దున చొక్కా గుండీలు పెట్టుకోలేకపోయిన మనిషి, ఇప్పుడు మరను కొద్దికొద్దిగా తిప్పుతూ, తలుపు వదిలి చూస్తూ, మళ్ళీ తిప్పుతున్నాడు. ఇనుప గనిలో యంత్రాలు బాగుచేసిన చేతులు, వాటికి ఏ జబ్బూ లేదు. ఆపాలి. ఆపితే ఎంత గొడవవుతుందో తెలుసు. ఆమె టార్చి తెచ్చి పట్టుకుంది.

"కాస్త ఇటు చూపించండి," అన్నాడు. ఈ రోజు అతని లెక్కలో ఆమె ఎవరో పొరుగావిడ అన్నమాట. "ఏ చేతకాని వెధవ పెట్టాడండీ దీన్ని? డ్వేన్ గాడేనా?"

"అయ్యుంటాడు," అంది ఎల్మా.

పక్కింట్లో డ్వేన్‌కి పాపం పొలమారి ఉంటుంది.

చివరికి తలుపు నెమ్మదిగా వచ్చి, పిల్లి అడుగంత చప్పుడైనా లేకుండా మూసుకుంది. రెయినో ఆమె వైపు వంగి గొంతు తగ్గించాడు.

"మా ఆవిడకి ఈ మోతతో నిద్రుండటం లేదు. పాపం, ఎంత చిక్కిపోయిందో. ఇక హాయిగా పడుకుంటుంది."

ఎల్మా టార్చి ఆర్పింది. పని బాగా చేశావని చెప్పింది, యాలకుల రొట్టె కోసిచ్చి కాఫీ పోసింది. అతను కుర్చీలోనే నిద్రపోయాడు.

అప్పుడు వెళ్ళి అతను కూర్చున్న చోటే మోకాళ్ళ మీద కూర్చుంది. మర తిప్పబోయి ఆగి, తలుపు ఒకసారి తెరిచి వదిలింది. అది ఆమె కోసం అంత నెమ్మదిగా మూసుకోవడం చివరిదాకా చూసింది. మర వదులు చేసి, సరిగ్గా ఉందో లేదో చూడటానికి తలుపు వదిలింది. దడేలుమంది.

రెయినో ఉలిక్కిపడి లేచాడు.

"మళ్ళీ పాడుచేశాడు వెధవ. మా ఆవిడ లేస్తుంది."

"మేలుకునే ఉందిలే," అంది ఎల్మా. "నువ్వు పడుకో."