ఏడో పాట

వదిన చెయ్యి ప్రెస్సు కింద పడినప్పుడు పాటక్క నోట్లో పాట ఇంకా ఉంది. "తియ్యవే" అన్న మాట సగంలో ఉంది. ఆ సగం మాట మీదే ప్రెస్సు దిగింది. స్విచ్చు ఆపేలోపు ఇంకో రెండు దెబ్బలు పడ్డాయి, రెండూ వదిన చేతి మీదే. మూతలు పడాల్సిన డబ్బాలో నాలుగు వేళ్లు పడ్డాయి.

వెంట్రుకవాసిలో చేతులు దక్కించుకున్న మిగతా ఆడవాళ్లు పరుగున వచ్చారు. ఒకామె తలగుడ్డ విప్పి చేతికి చుట్టింది. కాంట్రాక్టర్ తన గాజు గదిలోంచి తాపీగా దిగి వచ్చాడు. ముందు వంగి, మూతలు కొట్టే అచ్చు, అదే డై, పగిలిందేమోనని తడిమి చూసుకున్నాడు. తరువాత నెత్తురు చూశాడు. ఆ తరువాత పాటక్క వైపు తిరిగాడు.

"దాని వేళ్లు తిన్నది నీ పాటే. తాళం తప్పావు. అందరూ విన్నారు."

  పాటక్క కూడా అదే అనుకుంటోంది.

ఆ షాపు సంగతి చెప్పాలి. రేకు డబ్బాలకి మూతలు కొట్టే ప్రెస్సులు పది. పదింటికీ ఒకటే స్విచ్చు, ఒకటే స్పీడు మీట, రెండూ గాజు గదిలోనే. చెయ్యి లోపలుంటే ప్రెస్సుని ఆపేసే సెన్సర్లు ఒకప్పుడు ఉండేవి. మాటిమాటికీ పని ఆగిపోతోందని ఆ మహానుభావుడు వాటిని ఊడబెరికించాడు. ఇక మిగిలింది ఇదీ: రేకు పెట్టాలి, చెయ్యి తియ్యాలి, ప్రెస్సు దిగుతుంది. మూడు సెకండ్లకొకసారి, పొద్దస్తమానం. మనసు ఒక్క క్షణం పక్కకి పోయిందా, అంతే సంగతులు.

అందుకని ఆడవాళ్లు పాట కట్టుకున్నారు. "పెట్టవే చెల్లీ" అంటే పది చేతులు లోపలికి, "తియ్యవే చెల్లీ" అంటే పది చేతులు బయటికి. మధ్యలో మాటలు ఎవరి కడుపుమంట వాళ్లది: కాంట్రాక్టర్ బొజ్జ మీద, పెరిగిన అద్దెల మీద, ఓట్లప్పుడు తప్ప మొహం చూపించని పెద్దమనుషుల మీద. ముందు పాడేది పాటక్క. ఆరేళ్లు ఆ గొంతు నమ్ముకుని ఆ చేతులు బతికాయి. అన్న పోయాక వదినని పనిలోకి తెచ్చింది కూడా ఆమే. నా పాట ఉందిగా, భయమెందుకని తెచ్చింది.

ఈ పాటలు ఆల్బమ్ అవడం మైకు మావయ్య పుణ్యం. కార్మిక సంఘం మీటింగులకి మైకులు పెట్టే ముసలాయన. ముందు తన కొట్టుకి పిలిచి పాడమన్నాడు. ప్రెస్సు దెబ్బ వినబడకపోతే వీళ్లకి పాటే రాలేదు. కష్టపడి అందుకున్నా, "తియ్యవే" అన్నప్పుడల్లా పదిమందీ చేతులు గుంజుకుని పక్కవాళ్ల డొక్కల్లో మోచేతులు దింపారు. ఆఖరికి అన్నం క్యారియర్లో ఫోను పెట్టి షాపులోనే రికార్డు చేశారు. ఆరు పాటలు. కాలేజీ పిల్లలు వాటిని ఊరంతా పంచారు. ఈమధ్య వచ్చిన గొప్ప రాజకీయ ఆల్బమ్‌లు ఇవీ అని ఒక పత్రిక జాబితా వేసి, వీళ్లదాన్ని తొమ్మిదోదిగా పెట్టింది. కాలేజీ సంఘం నుంచి వచ్చే కళ్లజోడు పిల్ల అది గేటు బయట చదివి వినిపించింది. ఆ వాయిద్యం అద్భుతమట. దెబ్బకి ముందు వచ్చే నిశ్శబ్దం గొప్ప కళాత్మక సాహసమట. ఆడవాళ్లు పొట్టలు పట్టుకుని నవ్వారు. ప్రెస్సుని పట్టుకుని వాయిద్యమంటారేమిటే అని వదిన కళ్లు తుడుచుకుంది. సాహసమూ లేదు, పాడూ లేదు, చెయ్యి తీసుకోవడానికి ఆగామంది.

అది జరిగి పది రోజులైనా కాలేదు. ఇప్పుడా చెయ్యి ఆసుపత్రిలో కట్టు లోపల ఉంది.

మూడో రోజు కాంట్రాక్టర్ కాగితం తెచ్చాడు. ప్రెస్సు ఎప్పటిలా మూడు సెకండ్లకే దిగిందనీ, పాట వల్లే ప్రమాదం జరిగిందనీ, ఇకమీదట షాపులో ఎవరూ పాడరనీ అందులో ఉంది. పాటక్క సంతకం పెడితే కంపెనీకి వదినతో సంబంధం తెగిపోతుంది, వైద్యం కూడా ఆగిపోతుంది. పెట్టకపోతే పాటక్క మీద కేసు. రేపటిదాకా గడువు.

ఆమె ఆసుపత్రికి వెళ్లింది. వదిన కళ్లు తెరిచి చూసి, గోడ వైపు తిరిగి పడుకుంది. పాటక్క మంచం పక్కన గంటసేపు నిలబడి వచ్చేసింది.

సాయంత్రం అందరూ మైకు మావయ్య కొట్టులో చేరారు. ప్రమాదం రోజున క్యారియర్లో ఫోను ఉంది. ఏడో పాట అందులో ఉంది, వదిన కేకతో సహా. ఎవరూ దాన్ని వినలేదు. ఒకామె చెరిపెయ్యమంది, ఆ కేక మళ్లీ విని బతకలేనంది. ఇంకొకామె, అది కోర్టుకి దొరికితే పాటక్క మెడకే చుట్టుకుంటుందంది. కళ్లజోడు పిల్ల మాత్రం ఆల్బమ్‌లో వేసేద్దాం, జనం రగిలిపోతారంది. ఒక మనిషి కేకని ఊరేగిస్తావా అని మైకు మావయ్య ఆ పిల్లని చెడామడా తిట్టాడు. గొడవ పెద్దదవుతుంటే పాటక్క లేచింది.

"వెయ్యి మావయ్యా. నా తప్పే అయితే రేపు పొద్దున్నే సంతకం పెడతా."

మావయ్య చేతి గడియారం విప్పి బల్ల మీద పెట్టుకున్నాడు. మొదటి చరణం, మూడు సెకండ్లకొక దెబ్బ. రెండో చరణం, మూడే. మూడో చరణంలో ఆయన కనుబొమలు ముడిపడ్డాయి. కేక వచ్చింది. ఒకామె చెవులు మూసుకుంది. ఆయన వెనక్కి తిప్పి మళ్లీ వేశాడు, ఇంకోసారి వేశాడు.

"ఇక్కణ్ణించి రెండు సెకండ్లేనమ్మా. నువ్వు తాళం తప్పలేదు. వాడే మీట తిప్పాడు."

పాటక్క కింద కూలబడిపోయింది. మూడు రోజులుగా రాని ఏడుపు అప్పుడొచ్చింది. ఏడుస్తూనే, ఆ పాట అందరి ఫోన్లలో వేయమంది. కేక ఉంచాలా వద్దా అన్నది వదిన చెప్పాలంది. కళ్లజోడు పిల్ల తలొంచుకుని ఆసుపత్రికి వెళ్లి, ఉంచమన్న జవాబుతో తిరిగొచ్చింది.

పొద్దున షిఫ్టు మారే వేళకి తోపుడుబండి మీద మైకులు గేటు ముందుకొచ్చాయి. ఫ్యాక్టరీ అంతా అక్కడే ఆగిపోయింది. పాటక్క పాట వేయించి, దెబ్బకీ దెబ్బకీ మధ్య లెక్కపెట్టమంది. జనం లెక్కపెట్టారు. ఒకటి, రెండు, మూడు, దెబ్బ. ఒకటి, రెండు, మూడు, దెబ్బ. మూడో చరణంలో "మూడు" అనబోయిన వందల నోళ్ల మీద దెబ్బ పడింది. వెంటనే కేక.  కాంట్రాక్టర్ చేతిలోని కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

వాడు చెయ్యి ఊపాడు. గేటు లోపల్నుంచి ఇనప కడ్డీలతో వాడి మనుషులు, రోడ్డు మీంచి పోలీసులు ఒక్కసారే వచ్చిపడ్డారు. ఎంత చక్కని పొత్తు. మొదటి కడ్డీ మైకు మావయ్య నెత్తి మీద దిగింది. ఆయన బండి మీదే ఒరిగిపోయాడు, నెత్తురు మైకుల మీదుగా కారింది. కళ్లజోడు పిల్లని జుట్టు పట్టి ఈడ్చారు, కళ్లద్దాలు బూట్ల కింద నలిగాయి. ప్రెస్సు షాపు ఆడవాళ్లు చేతికందిన రేకు ముక్కలు తీసుకుని తిరగబడ్డారు. ఒక రౌడీ చెంప చీలింది, ఒకామె మణికట్టు విరిగింది. పాటక్క బండెక్కి గొంతెత్తింది. పోలీసు అధికారికి ఏం చెయ్యాలో బాగా తెలుసు. లాఠీని అడ్డంగా పట్టి సరిగ్గా ఆ గొంతు మీదే కొట్టాడు.

ఆమె లేచి మళ్లీ నోరు తెరిచింది. గాలి తప్ప ఏమీ రాలేదు. జుట్టు పట్టి వ్యానులో పడేశారు. ఆమె కంఠం పట్టుకుని ఎంత గింజుకున్నా చప్పుడు రాలేదు. జీవితంలో మొదటిసారి ఆమెకి చచ్చేంత భయం వేసింది.

వ్యాను కదలబోయి ఆగింది. ఎదురుగా వదిన నిలబడి ఉంది, ఆసుపత్రి బట్టల్లో, కట్టు మీద నెత్తుటి చెమ్మతో. పోలీసులు తోస్తున్నా పక్కకొచ్చి కిటికీ జాలీకి మొహం ఆనించింది.

"తాళం తప్పింది నువ్వు కాదంటగా. విన్నాను. ఇంక నువ్వు ఊరుకో, నేను పాడతా."

వదినకి పాట రాదు. పదిమందిలో కూడా గొంతు కలవని మనిషి. అయినా వేళ్లు లేని ఆ కట్టు చేతిని పైకెత్తి, "పెట్టవే చెల్లీ" అని అందుకుంది. కింద పడ్డవాళ్లు లేచారు. "తియ్యవే చెల్లీ" అని రోడ్డంతా అంది. వందల చేతులు గాల్లోకి లేచాయి. వ్యాను లోపల పాటక్క పిడికిలితో రేకు గోడ మీద దెబ్బ వేసింది, సరిగ్గా మూడు సెకండ్లకి.

లోపల కాంట్రాక్టర్ గాజు గదిలోకి పరుగెత్తి స్విచ్చు వేశాడు, మీట చివరిదాకా తిప్పాడు. పది ప్రెస్సులూ దిగాయి, లేచాయి, మళ్లీ దిగాయి. వాటి కింద ఒక్క చెయ్యి లేదు.