మనవాళ్ళని మనం చూసుకుంటాం

“ఆ తుపాకులు ఇంట్లోంచి తీసెయ్యి వెండెల్. వాడేమైనా చేసుకుంటాడేమోనని నాకు భయంగా ఉంది.”

అక్టోబరు మొదటివారంలో ఒక పొద్దున, బక్‌వీట్ అట్లు కాలుస్తూ నా భర్తతో ఈ మాట అన్నాను. వెండెల్ పళ్ళెంలోంచి తల ఎత్తలేదు. అట్టు మీద మేపుల్ పాకం పోసుకుంటూ నవ్వాడు.

“పుట్టిన దగ్గర్నుంచీ నువ్వు వాణ్ణి చంపుతూనే ఉన్నావు డోరిన్. మూడేళ్ళప్పుడు జ్వరంతో చంపావు. ఆరేళ్ళప్పుడు చెరువు మీద మంచు పగలగొట్టి ముంచేశావు. ఇక స్కూలు బస్సు కింద ఎన్నిసార్లు తోశావో. వాడికి ఇరవయ్యారొచ్చాయి. ఇకనైనా బతకనియ్యి.”

అందులో అబద్ధమేమీ లేదు. కీడెంచి మేలెంచమంటారు. నేను కీడు దగ్గరే ఆగిపోయే మనిషిని. కానీ ఈసారి నా దగ్గర రుజువులున్నాయి. ఆగస్టులో మా కోడలు కెల్సీ పాపని తీసుకుని పుట్టింటికి వెళ్ళిపోయింది. మా అబ్బాయి గారెట్ రంపపు మిల్లులో పని మానేసి, చిన్నప్పటి తన గదిలోకి వచ్చి పడ్డాడు. తిండి లేదు, గడ్డం గీసుకోవడం లేదు. ఇవన్నీ ఎవడైనా చేసేవే అని సరిపెట్టుకున్నాను.

“నిన్న కుక్కని ఇచ్చేశాడు,” అన్నాను.

వెండెల్ చేతిలో ఫోర్కు ఆగింది. “ఏ కుక్క? టిల్లీనా?”

“టిల్లీనే. ఎందుకిచ్చావురా అంటే, దాన్ని చూసుకునేవాళ్ళు ఎవరో ఒకరు ఉండాలి కదమ్మా అన్నాడు.”

టిల్లీ వాడికి కెల్సీ కంటే ముందు నుంచీ ఉన్న వేటకుక్క. కొడుకు తిండి మానేస్తే అర్థం కానిది మా ఆయనకి కుక్కని ఇచ్చేశాడంటే అర్థమైంది. అట్టు సగంలో వదిలేసి లేచాడు.

మా ఊరు పైన్ ఫోర్క్‌లో ఇలాంటి సమయాలకి ఒక పద్ధతి ఉంది. దాని గురించి ఎవరూ పైకి మాట్లాడరు. మంటలార్పే మా ఊరి ఫైర్ కంపెనీకి పెద్ద లాయిడ్ ష్రాక్. అతని ఇంటి కింది గదిలో ఒక ఇనుప బీరువా ఉంటుంది. ఎవరి భార్యయినా పోయినా, ఎవరి కాపురమైనా విడిపోయినా, తాగుడు మితిమీరినా, ఆ ఇంటి తుపాకులు లాయిడ్ బీరువాలోకి వెళ్తాయి. బయటికి చెప్పే మాట ఒక్కటే. లాయిడ్ శుభ్రం చేసి ఇస్తానన్నాడు. రేమండ్ హోస్టెట్లర్ భార్య చచ్చిపోయినప్పుడు అతని తుపాకులు ఏడాదిన్నర పాటు శుభ్రమయ్యాయి. ఇంతకాలం ఎందుకు పట్టిందని అతనూ అడగలేదు.

మా ఏడు తుపాకుల్నీ దుప్పట్లలో చుట్టి ట్రక్కులో వేసుకెళ్ళాడు వెండెల్. గారెట్ కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాడు.

“లాయిడ్ శుభ్రం చేస్తానన్నాడు,” అన్నాడు వెండెల్ రాత్రి భోజనాల దగ్గర, బంగాళాదుంపల గిన్నెతో మాట్లాడుతున్నట్టు.

“ఏడూనా?”

“ఏడూ.”

“మంచిదే. బాగా మురికి పట్టాయి,” అన్నాడు గారెట్.

అంతే. మా ఇంట్లో దాని గురించి జరిగిన మాటలు అవే. ఆ తర్వాత ఏడెనిమిది వారాలు నాకు కాస్త కన్ను మూతపడింది.

నవంబరు చివర థాంక్స్‌గివింగ్ పండగ వెళ్ళిన శనివారం జింకల వేట మొదలవుతుంది. మా ఊళ్ళో ఆ రోజు పెళ్ళిళ్ళు పెట్టుకోరు. ఎవరైనా పోతే పూడ్చడం కూడా సోమవారానికి జరుపుతారు. ఆ పొద్దున నేను లేచేసరికి గారెట్ మంచం ఖాళీగా ఉంది. దుప్పటి మడత పెట్టి ఉంది. వాడు దుప్పటి మడత పెట్టడం నేను ఏనాడూ చూడలేదు.

మోకాలి నొప్పితో వేటకి వెళ్ళలేక వెండెల్ వంటింట్లో కాఫీ తాగుతున్నాడు.

“వాడేడీ?”

“వేటకెళ్ళాడు.”

“దేంతో?”

కప్పు బల్ల మీద పెట్టాడు. “నిన్న సాయంత్రం లాయిడ్ మా నాన్న రైఫిల్ తెచ్చిచ్చాడు. ఆ ఒక్కటే. గారెట్ వెళ్ళి అడిగాడట. మొదటిరోజు ఇంట్లో కూర్చోబెడితే కుర్రాడు ఇంకా కుంగిపోతాడన్నాడు లాయిడ్. అడవిలో ఒక్క పూట ఉంటే వందమంది డాక్టర్ల పెట్టు అన్నాడు.”

“నాకెందుకు చెప్పలేదు?”

“చెబితే నువ్విలాగే చేస్తావని.”

రాత్రి గౌను మీద, వెండెల్ బూట్లలో కాళ్ళు దూర్చి పరిగెత్తాను. నారింజరంగు కోటు వేసుకోవాలన్న ధ్యాస కూడా లేదు. ఆ రోజు ఆ కోటు లేకుండా అడవిలోకి వెళ్ళడమంటే జింకకీ మనిషికీ తేడా చెరిపెయ్యడమే. గట్టు మీద, వాళ్ళ తాత కూర్చునే చోటే హెమ్‌లాక్ చెట్టు కింద కూర్చుని ఉన్నాడు వాడు. రైఫిల్ ఒళ్ళో ఉంది. నన్ను చూసి, ఏదో దూరదేశం నుంచి వచ్చినవాడిలా కళ్ళు చిట్లించాడు.

“కోటేదమ్మా? ఎవరైనా కాల్చేస్తారు నిన్ను.”

తన కోటు విప్పి నాకు తొడిగాడు. రైఫిల్ నేను తీసుకున్నాను. కాదనలేదు. ఇంటిదాకా ముందు నడిచాడు. నేనేమీ అడగలేదు.

చీకటి పడకముందే ఊరంతా పాకింది కథ. డోరిన్ గులాబీరంగు గౌనులో అడవిలోకి దూకితే మా జిల్లా జింకలన్నీ పక్క జిల్లాకి వలసపోయాయట. ఆ మాటకి గారెట్ కూడా నవ్వాడు. వాడు నవ్వాడు కాబట్టి వాడికేమీ లేదన్నారు అందరూ. క్రిస్మస్ కల్లా మిగిలిన తుపాకులు కూడా శుభ్రమై ఇంటికొచ్చేశాయి.

ఫిబ్రవరిలో ఫైర్ హాల్లో మీటింగు పెట్టారు. మా రాష్ట్ర రాజధాని హారిస్‌బర్గ్‌లో ఒక చట్టం తెస్తారట. ఇంట్లోవాళ్ళు వెళ్ళి మొర పెట్టుకుంటే, ప్రమాదంలో ఉన్న మనిషి తుపాకుల్ని కొన్నాళ్ళు తీసి ఉంచమని జడ్జి ఆర్డరు ఇవ్వచ్చట. అది మాకొద్దని ఊరి తరఫున రాసిన ఉత్తరాన్ని లాయిడ్ నిలబడి చదివాడు.

“పైన్ ఫోర్క్‌లో మనవాళ్ళని మనం చూసుకుంటాం. మా బీరువాల తాళాలు ఏ జడ్జి చేతికీ ఇవ్వం.” కాగితం దించాడు. “సరేననేవాళ్ళు చేతులెత్తండి.”

హాలంతా చేతులే. నాకు ఒక పక్క వెండెల్ చెయ్యి, మరో పక్క గారెట్ చెయ్యి.

“ఏం డోరిన్, చెయ్యి పట్టేసిందా?” అన్నాడు లాయిడ్. నలుగురు నవ్వారు. లాయిడ్ చెడ్డవాడు కాదు. మా ఇల్లు అంటుకున్నప్పుడు పైకప్పు ఎక్కినవాడు.

నేను లేచి నిలబడ్డాను. పదో తరగతితో చదువు ఆపేసినదాన్ని, నలుగురిలో మాట్లాడటం నాకు రాదు. “లాయిడ్, మా తుపాకులు నువ్వు తీసి ఉంచావు. జడ్జి చేసేదీ అదే కదా. తేడా ఏముంది?”

“తేడానా? జడ్జికి నీ కొడుకు పేరు కూడా తెలీదు. నాకు వాడు ఉయ్యాల్లో ఉన్నప్పట్నుంచీ తెలుసు.”

“అందుకే వాడు అడగ్గానే ఇచ్చేశావు. పేరు తెలీనివాడైతే కుదరదనేవాడు.”

హాల్లో కుర్చీలు కిర్రుమన్నాయి. లాయిడ్ ముఖం ఎర్రబడింది. “ఇస్తే ఏమైందిప్పుడు? వేటకెళ్ళాడు, వచ్చాడు. ఎదురుగా కూర్చున్నాడు నిక్షేపంలా. ఆ రోజు ఎవరికైనా ప్రాణం మీదికొచ్చిందంటే అది ఆ గులాబీ గౌనుకే!”

ఈసారి అందరూ నవ్వారు. వెండెల్ నా స్వెట్టరు అంచు పట్టి లాగాడు. “కూర్చో. పరువు తీయకు.”

కూర్చునేదాన్నే. వేట రోజు నుంచీ ఈ పదివారాల్లో నాకూ అనుమానం వచ్చేసింది. చెరువు మీద మంచు లాగా, స్కూలు బస్సు లాగా ఇది కూడా నేను కల్పించుకున్నదేనేమో. కానీ ఆ ఏడు తుపాకులూ ఇంట్లో, వాడి గదికి పది అడుగుల దూరంలో ఉన్నాయి. తప్పు నాదైతే నేను పిచ్చిదాన్నని రాసుకోనీ. నాదే ఒప్పయితే?

“గారెట్, నాన్నా,” అన్నాను. “ఆ రోజు నువ్వు జింక కోసమే వెళ్ళావా? అవునను, చాలు. కూర్చుంటాను. ఇంకెన్నడూ నోరెత్తను.”

నవ్వులు ఒకటొకటిగా ఆగిపోయాయి. వాడు నా వైపు చూడలేదు. ఎత్తిన చెయ్యి మరిచిపోయినట్టు అలాగే గాలిలో ఉంది. ఎవరో దగ్గి ఆపుకున్నారు. లాయిడ్ ఉత్తరాన్ని రెండుగా మడిచాడు, మళ్ళీ నాలుగుగా మడిచాడు. వెండెల్ నా స్వెట్టరు వదిలేశాడు. వెనకాల కాఫీ పాత్ర బుసలు కొడుతోంది. ఎవరూ వెళ్ళి ఆపలేదు.

గారెట్ చెయ్యి దించుకుని మోకాలి మీద పెట్టుకున్నాడు.

“వేటకెళ్ళేవాడు జేబులో గుప్పెడు తూటాలేసుకుంటాడమ్మా,” అన్నాడు. “నేను ఒక్కటే వేసుకున్నాను.”