కమలాక్షి చూపు, నా గొర్రెలు

డెబ్బై ఎనిమిదిలో వానలు దండిగా పడ్డాయి. వేరుశనగంతా కుళ్లిపోయి, మాకు ఇరవై గొర్రెలే దిక్కయ్యాయి. వాటికీ దవడల కింద సంచి వేలాడినట్టు వాపు వచ్చింది. వారంలో రెండు చచ్చాయి. ఇక మిగతావి కూడా పోతే మేం ఏం తిని బతకాలి?

నాకు వెంటనే ఎదురింటి కమలాక్షి గుర్తొచ్చింది. మొన్ననే కదా, "అబ్బ, నీ గొర్రెలు ఎట్లా నిగనిగలాడతాండాయి రెడ్డెమ్మక్కా!" అని నోరెళ్లబెట్టింది! ఉప్పు, మిరపకాయలు దిగదీసి నిప్పుల్లో వేశాను. దిష్టి ఉంటే ఘాటు రాదంటారు. రాలేదు. అంతే, వీధిలోకి దూకాను.

"నీ కండ్లు మండిపోను! మళ్లా నా దొడ్డి పక్క సూసినావంటే మర్యాదుండదు!"

కమలాక్షి తల దించుకుంది. లోపలికి పోయి తలుపేసుకుంది.

మూడోది చావగానే మా ఆయన చెంగయ్య దాన్ని బండిలో వేసుకుని పుంగనూరు పశువుల ఆసుపత్రికి బయల్దేరాడు. నేనూ ఎక్కాను. డాక్టరు దాని పొట్ట కోసి చూపించాడు. లోపల దారప్పోగుల్లాంటి ఎర్రటి పురుగులు, వందలకు వందలు.

"ఇవే రక్తం తాగేస్తాండాయమ్మా. పొద్దున్నే యాడ మేపుతాండారు?"

"వంక గట్టున సార్. మంచు ఆరకముందే తోలుతా, పచ్చిక ఇంకెవురికీ దక్కకుండా."

"ఆ తడిగడ్డి మీదే వీటి పిల్లలుంటాయి. గడ్డితోపాటు మింగుతాండాయి."

ఛీ, నా తెలివి తగలెయ్య!

డాక్టరు మందిచ్చి, కింది కనురెప్ప లాగి చూడటం నేర్పాడు. తెల్లగా ఉంటే ఒంట్లో రక్తం లేనట్టట. ఇంటికొచ్చి చూస్తే పదిహేడింటికీ సున్నం కొట్టినట్టే ఉంది. ఒక్కొక్కదాన్నీ పట్టుకుని మందు తాపాం. మర్నాటి నుంచి ఎండెక్కాకే, మెట్ట మీదికే తోలాను. కమలాక్షికి మొహం చూపించే ధైర్యం మాత్రం రాలేదు. ఇవీ పోతాయేమోనన్న భయంతో అన్నం కూడా సహించలేదు.

పన్నెండో రోజు ముసలిదాని రెప్ప లాగితే లోపల లేత ఎరుపు! ఇంకోదాన్ని చూశాను. అదీ ఎరుపే. పదిహేడూ చూశాను. వాపులూ తగ్గిపోయాయి. అమ్మయ్య! దొడ్డిలోనే కూలబడి ఏడుస్తూ నవ్వాను.

"ఏందే, పిచ్చిగాని పట్టిందా?" అన్నాడు మా ఆయన.

లేచి నేరుగా పోయి కమలాక్షి తలుపు తట్టాను. తల వంచుకునే తీసింది. మా దొడ్డి కంటబడకుండా ఇన్నాళ్లూ ఊరంతా చుట్టి నీళ్లకు పోతోందట, పిచ్చిది. చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి గొర్రెల ముందు నిలబెట్టాను.

"తప్పయిపోయిందమ్మా. తలెత్తు. కండ్లారా సూడు, ఎంతసేపైనా సూడు."

మెల్లగా తలెత్తింది.

"బాగుండాయక్కా," అంది.

ఆ సాయంత్రం నేను దిష్టి తియ్యలేదు.