మేనమామ చీర కొంగు దగ్గర ఆగింది

హలో, అందరికీ నమస్తే. వినిపిస్తుందా? భోజనాలయ్యాయా? సరే, సిరిసిల్ల హన్మంతు సంగతి వినండి.

హన్మంతుకు ఒక సాంచ ఉంది, అంటే మరమగ్గం. దానికి డిజైన్ అందించేది పక్కనున్న కంప్యూటర్. అది కొన్నది కాదు. తమ్ముడి కొడుకు క్రాంతి మస్కట్ పోకముందు పాత సామాన్లు ఏరుకొచ్చి బిగించాడు. అందులో నడిచే లైనక్స్ సాఫ్ట్‌వేర్‌ను కూడా సాంచకు ఎంత కావాలో అంతే ఉంచి తనే తయారు చేశాడు.

దసరా మరునాడు పొద్దున హన్మంతు స్విచ్ వేస్తే తెర నల్లగా ఉంది. మూలన ఇంగ్లిష్ ముక్క ఒకటి తెల్లగా మెరుస్తోంది. సాంచ మీది చీర కొంగు దగ్గర ఆగి ఉంది. అది కోరుట్లలో చెల్లెలు రాధ కూతురు తేజస్విని పెళ్లికి పెట్టాల్సిన మేనమామ చీర. రాధ పెద్ద కూతురి పెళ్లికి హన్మంతు దుకాణంలో కొని పెట్టాడు. "నేసేటోని చెల్లెనయ్యి కొన్న చీర తీస్కున్న" అని రాధ ఇప్పటికీ ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ చెబుతుంది. ఆదివారమే పెళ్లి. కొంగు డిజైన్ ఆ కంప్యూటర్ డబ్బాలో తప్ప ఎక్కడా లేదు.

క్రాంతికి వీడియో కాల్ చేశాడు.

"తెర మీద ఏమున్నది పెద్దబాపు? సదువు."

"ఎన్, ఓ. ఎన్క బీ, రెండు ఓలు..."

"బూట్ డివైస్ లేదంటుంది, అంటే ఎందులకెల్లి లేవాల్నో దానికి దొర్కుతలేదు. లోపట వైర్లు ఊడినయేమో సూడు."

హన్మంతు మూత తీసి వైర్లన్నీ ఒత్తాడు. ర్యామ్ పీకి, లుంగీ అంచుతో తుడిచి, మళ్లీ పెట్టాడు. అవే అక్షరాలు వచ్చాయి.

"నిన్న ఎవలన్న ముట్టిండ్రా?"

"ఎవ్వలు ముట్టలే."

"కొత్తగ ఏమన్న జేసిండ్రా?"

"ఏం జెయ్యలే. పూజ జేసినం, గంతే."

పూజ అనగానే క్రాంతి అందుకున్నాడు. "డబ్బాను ఎన్కకు తిప్పు. నల్ల పెన్‌డ్రైవ్ ఏది?"

"గదెందుకు?"

"డబ్బా లేసేదే గదాంట్లకెల్లి! బోర్డు పాతది, కొత్త డిస్కును గుర్తువట్టది. మొదలు లేపే ముక్క గా పెన్‌డ్రైవ్‌ల పెట్టిన."

గడప దగ్గర కూర్చున్న హన్మంతు తల్లి గంగమ్మ తలెత్తింది. "గా నల్లటి చిన్నదా? దేవుని కాడున్నది."

"గదెందుకు తీసినవే అవ్వా?" అన్నాడు హన్మంతు.

"పనిముట్లన్ని పూజల పెట్టాలె గదరా. కత్తెర పెట్టిన, పానాలు పెట్టిన. గదొక్కటి ఎన్క ఏలాడుతుంటే ఇడిసిపెట్టబుద్ధి కాలే."

"నానమ్మా, నీళ్లు సల్లినవా?" ఫోన్‌లోంచి క్రాంతి అడిగాడు.

"నీళ్లెందుకు సల్లుత? పసుపు రాసిన."

హన్మంతు లేవబోయాడు. గంగమ్మ కర్ర అడ్డం పెట్టింది.

"ఉద్వాసన జెప్పకముందే కదిలిస్తవారా? సోమారం దాకా ఆగు."

"ఆదివారం పెండ్లి అవ్వా!"

"పెండ్లి దేవునికంటె పెద్దదా?"

అప్పుడే రాధ ఫోన్ అడ్డమొచ్చింది. హన్మంతు ఎత్తలేదు. ఎత్తితే చీర ఎక్కడిదాకా వచ్చిందని అడుగుతుంది.

"పెద్దబాపు, పెన్‌డ్రైవ్‌ను కదపకు" అన్నాడు క్రాంతి. "డబ్బానే దేవుని కాడికి తీస్కపో. నా పాత అట్టపెట్టెల పొడుగు వైరుంటది."

కంప్యూటర్ దేవుడి గది గడప దగ్గరికి చేరింది. కదపకపోతే సరేనని గంగమ్మ ఒప్పుకున్నాక, పళ్లెంలో పెన్‌డ్రైవ్ ఉన్నచోటనే ఉండగా హన్మంతు పాత బ్రష్షుతో పసుపు దులిపి వైరు తగిలించాడు. ఒక పక్క కత్తెర, మరో పక్క పానా, నడుమ అది. స్విచ్ వేశాడు. తెర మీద అక్షరాల వరుసలు కిందికి పరుగెత్తాయి. గంగమ్మ అగరుబత్తి వెలిగించింది. డిజైన్ వచ్చింది. అక్కడి నుంచి సాంచ దాకా ఇంకో వైరు లాగారు. సాంచ టకటకమంటూ కొంగు నేసింది.

పెళ్లిలో రాధ కొంగును అటూ ఇటూ తిప్పి చూసింది.

"నువ్వే నేసినవా అన్నా?"

"నేనే."

"మరి కొత్త చీరకు పసుపు పెట్టలేదేంది?"

"ముందుగాల్నే పెట్టినం" అన్నాడు హన్మంతు.

రాధ ఇప్పుడు ఆ చీర సంగతి కూడా వచ్చినవాళ్లందరికీ చెబుతోంది.

మీ ఇంట్లోనో, పక్కింట్లోనో కంప్యూటర్‌కు పూజ చేసేవాళ్లుంటే ఈ కథ వాళ్లకు పంపండి. పండుగకు ముందే పంపండి.